చూపుకూ కదలికకూ నడుమ: బేసల్ గాంగ్లియా పరిశోధన చరిత్ర (1664–2017)

వ్యాస సంగ్రహం

మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాను వైద్యశాస్త్రం చాలాకాలం కేవలం కదలికలకు సంబంధించిన భాగంగానే పరిగణించింది. దృష్టిని గురించిన పరిశోధన వేరే దారిలో సాగింది. ఈ రెండింటినీ కలిపే నాడీవలయాలు ఏయే సాక్ష్యాల ద్వారా, ఏ క్రమంలో వెలుగులోకి వచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి ఆలస్యంగా బయటపడటానికి పరికరాల కొరత ఒక్కటే కారణం కాదు. 1817లో స్థిరపడిన ఒక వ్యాధి నిర్వచనం, 'ఆపి ఉంచడం' కూడా ఒక పనే అని గుర్తించలేని ఆలోచనాపద్ధతి అందుకు కారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బేసల్ గాంగ్లియా, దృష్టి, సబ్‌స్టాన్షియా నైగ్రా, సుపీరియర్ కొలిక్యులస్, పార్కిన్సన్ వ్యాధి, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వణుకుడు రోగాన్ని గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. దానికి ఆధారం ఆరుగురు రోగులు. వారిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూశారే తప్ప పరీక్షించలేదు. అయినా ఆ పుస్తకంలోని నిర్వచనం వైద్యవిద్యలో నూరేళ్లకు పైగా నిలిచింది. చేతులు వణుకుతాయి, శరీరం ముందుకు వంగుతుంది, నడక పరుగుగా మారుతుంది అని చెప్పిన ఆ నిర్వచనం, ఇంద్రియాలకూ బుద్ధికీ ఏ హానీ జరగదని కూడా చెప్పింది. కంటికి కనిపించే లక్షణాల వర్ణనలో పార్కిన్సన్ నిశితత్వాన్ని కాదనలేం. కానీ ఇంద్రియాలను వ్యాధి పరిధికి వెలుపల నిలిపిన ఆ ఒక్క వాక్యం తరవాతి పరిశోధకుల చూపును ఎంతవరకు పరిమితం చేసిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

పార్కిన్సన్ వ్యాధికి మూలమైన లోపం బేసల్ గాంగ్లియాలో ఉందని తేలడానికి మరో శతాబ్దం పట్టింది. బేసల్ గాంగ్లియా అనేది ఒక్క అవయవం కాదు. మెదడు అడుగుభాగంలో ఉన్న కొన్ని నాడీకేంద్రాల సముదాయానికి అది ఉమ్మడి పేరు. వీటిలో పెద్దది స్ట్రయేటమ్, అంటే చారలు గలది. దానిలో కాడేట్, పుటామెన్ అని రెండు భాగాలున్నాయి. కాడేట్‌కు తల, నడుము, వెనక్కి వంపు తిరిగిన సన్నని తోక ఉంటాయి. వీటికి తోడు గ్లోబస్ పాలిడస్, సబ్‌థాలమిక్ కేంద్రకం, సబ్‌స్టాన్షియా నైగ్రా (నల్లని పదార్థం) ఉన్నాయి. ఈ చివరిదానిలో కాంపాక్టా అనే భాగం డోపమైన్‌ను అందిస్తుంది. రెటిక్యులాటా అనే భాగం బేసల్ గాంగ్లియా నుంచి బయటికి వెళ్లే సంకేతాలకు ద్వారం. ప్రస్తుత చరిత్రలో ప్రధానపాత్ర ఈ ద్వారానిదే.

2. మొదట కలిసి ఉన్నవి, తరవాత విడిపోయినవి

చూపుకూ ఈ కేంద్రాలకూ సంబంధం ఉందన్న ఊహ నిజానికి కొత్తది కాదు. ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో వెలువరించిన మెదడు శరీరనిర్మాణ గ్రంథంలో స్ట్రయేటమ్‌ను వర్ణించి దానికి ఆ పేరు పెట్టారు. ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారమంతా చేరే చోటు, కదలికల ఆజ్ఞలు బయలుదేరే చోటు అదేనని ఆయన భావించారు. ఇది ప్రయోగం మీద నిలిచిన నిర్ణయం కాదు. చారలు పైకీ కిందికీ సాగి ఉండటాన్ని చూసి చేసిన ఊహ మాత్రమే. అయితే ఇంద్రియజ్ఞానమూ కదలికా ఒకేచోట కలుస్తాయన్న భావన అందులో ఉంది.

పందొమ్మిదో శతాబ్దపు ప్రయోగశాలలు ఆ భావనను రెండుగా చీల్చాయి. డేవిడ్ ఫెరియర్ 1870లలో కోతుల మెదడు పైపొరను (కార్టెక్స్‌ను) విద్యుత్తుతో ప్రేరేపించి, ముందుభాగంలో ఒకచోట తాకితే కళ్లు ఎదురుపక్కకు తిరుగుతాయని చూపారు. దృష్టికేంద్రం ఎక్కడన్న వివాదంలో మాత్రం ఆయన పొరబడ్డారు. అది వెనకభాగంలో ఉందన్న హెర్మన్ మంక్ వాదమే నిలిచింది. రష్యా-జపాన్ యుద్ధంలో తలకు తూటా దెబ్బలు తగిలిన సైనికులను పరీక్షించి తత్సుజి ఇనోయే 1909లో, మొదటి ప్రపంచయుద్ధ క్షతగాత్రుల ఆధారంగా గార్డన్ హోమ్స్ 1918లో, దృశ్యక్షేత్రంలోని ఏ భాగం వెనకభాగపు కార్టెక్స్‌లో ఎక్కడ నమోదవుతుందో పటాలు గీశారు. ఆ దారిలోనే డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ పరిశోధనలు వచ్చాయి. 1981లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఆ విధంగా దృష్టి అధ్యయనం కార్టెక్స్ అధ్యయనమైంది.

బేసల్ గాంగ్లియా మరో అధ్యాయంలోకి వెళ్లింది. కినియర్ విల్సన్ 1912లో కాలేయమూ మెదడూ కలిసి చెడే ఒక వ్యాధిని వర్ణిస్తూ 'ఎక్స్‌ట్రాపిరమిడల్' అనే మాటను వాడుకలోకి తెచ్చారు. కదలికల ప్రధాన నాడీమార్గానికి వెలుపలిది అని దాని అర్థం. ఒక వస్తువును అది కానిదాన్నిబట్టి పిలవడం శాస్త్రంలో అరుదేమీ కాదు గానీ, ఈ పేరు బేసల్ గాంగ్లియాను కదలికల శాస్త్రానికి అనుబంధంగా కట్టివేసింది. 1919లో కాన్‌స్టాంటిన్ ట్రెటియాకాఫ్ పారిస్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసం పార్కిన్సన్ రోగుల్లో సబ్‌స్టాన్షియా నైగ్రా క్షీణించడాన్ని నిరూపించింది. దానితో కదలిక అన్న ముద్ర మరింత బలపడింది.

తెలుగులో 'దృష్టి' అన్నా 'చూపు' అన్నా ఒకటే అనుకుంటాం గానీ వాడుకలో తేడా ఉంది. చూపు నిలుపుతాం, మరల్చుకుంటాం, దించుకుంటాం. చూపు ఒక శక్తే కాక ఒక క్రియ కూడా. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో శాస్త్రం అధ్యయనం చేసినది ప్రధానంగా దృష్టిని. చూపును క్రియగా పట్టించుకున్నవారు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసిన వైద్యులు.

3. వార్డుల్లో కనిపించిన సాక్ష్యం

1917లో వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనామో వర్ణించిన నిద్రామయ మెదడువాపు (ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా) ఆ తరవాతి పదేళ్లలో ప్రపంచమంతటా వ్యాపించింది. బతికి బయటపడినవారిలో చాలామందికి కొన్నేళ్ల తరవాత పార్కిన్సన్ లక్షణాలు వచ్చాయి. వారిలో ఒక విచిత్రమైన లక్షణం కనిపించింది. ఉన్నట్టుండి కళ్లు పైకి తిరిగి అలాగే నిలిచిపోయేవి. నిమిషాల తరబడి, ఒక్కోసారి గంటల తరబడి రోగి చూపును కిందికి దించలేకపోయేవాడు. వైద్యగ్రంథాలు దీన్ని లక్షణాల జాబితాలో చేర్చాయి. చూపును పట్టి ఉంచే, విడిచిపెట్టే యంత్రాంగం ఒకటి మెదడు లోతుల్లో ఉందన్న సూచనగా మాత్రం దాన్ని చదవలేదు.

లండన్‌లోని హైలాండ్స్ ఆసుపత్రిలో ఈ రోగులు దశాబ్దాలపాటు ఉండిపోయారు. వారిని దీర్ఘకాలం గమనించిన జేమ్స్ పర్డన్ మార్టిన్ 1967లో బేసల్ గాంగ్లియా, శరీరభంగిమల సంబంధంపై ఒక గ్రంథం ప్రచురించారు. అందులోని ఒక పరిశీలన ప్రస్తుత విషయానికి అత్యంత కీలకమైనది. అడుగు తీసి అడుగు వేయలేక నేలకు అతుక్కున్నట్టు నిలిచిపోయిన రోగి ముందు నేలమీద అడ్డంగా, అడుగంత ఎడంతో గీతలు గీస్తే, అతడు ఒక్కో గీతనూ దాటుతూ నడిచిపోగలిగాడు. నడిచే దిశలోనే నిలువుగా గీసిన గీతలు అంతటి ఫలితాన్ని ఇవ్వలేదు.

ఖర్చులేని ఈ చిన్న ప్రయోగం పెద్ద ప్రశ్నను లేవనెత్తింది. కాళ్లలో బలం ఉంది, కంట్లో చూపు ఉంది. లేనిది ఆ రెంటినీ లోపలినుంచి జతపరిచే ఏర్పాటు. బయటి గీత ఆ లోటును తాత్కాలికంగా పూరించింది. ఆస్ట్రేలియాలో మెగ్ మోరిస్, రాబర్ట్ యాన్సెక్ బృందం 1990లలో కొలతలతో దీన్ని ధ్రువపరిచింది. నేలమీది గీతలతో రోగుల అడుగుల నిడివి సహజస్థాయికి చేరింది.

అయితే ఈ సాక్ష్యానికి రెండో అర్థం కూడా ఉంది. 1991లో మిచెల్ గ్లిక్‌స్టీన్, జాన్ స్టీన్ చూపిన వాదం ప్రకారం, గీతలను చూసి నడిచే రోగి దెబ్బతిన్న బేసల్ గాంగ్లియాను పక్కన పెట్టి, దృష్టి కార్టెక్స్ నుంచి చిన్నమెదడుకు పోయే మరో దారిని వాడుకుంటున్నాడు. అంటే మార్టిన్ చూసినది చూపుకూ బేసల్ గాంగ్లియాకూ ఉన్న బంధం కాకపోవచ్చు. ఆ బంధం తెగినప్పుడు చూపు వెతుక్కున్న చుట్టుదారి కావచ్చు. ఈ రెండో వ్యాఖ్యానమే ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది. దానివల్ల మార్టిన్ పరిశీలన విలువ తగ్గదు. ఉన్నప్పుడు గుర్తించని బంధాన్ని లేనప్పుడు గుర్తించేలా చేసింది ఆ పరిశీలనే.

ఇదే కాలంలో చికిత్సారంగంలో వచ్చిన మార్పును ఇక్కడ ప్రస్తావించాలి. ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లో మెదడులో డోపమైన్ పాత్రను నిరూపించారు. 1960లో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ పార్కిన్సన్ రోగుల స్ట్రయేటమ్‌లో డోపమైన్ లోపించడాన్ని కనుగొన్నారు. 1967లో జార్జ్ కొట్జియస్ ఎక్కువ మోతాదుల డోపా చికిత్స ఫలితాలు ప్రకటించడంతో లెవోడోపా ఈ వ్యాధికి ప్రధాన ఔషధంగా నిలిచింది. ఈ లెవోడోపాను దూలగొండి గింజల నుంచి 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. వ్యాధితో దానికున్న సంబంధం అప్పటికి ఎవరికీ తెలియదు.

4. నిశ్శబ్దమే సంకేతం

నాడీతంతువులు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయో గుర్తించే రంజన పద్ధతులు 1950ల తరవాత మెరుగుపడ్డాయి. 1970లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కెంప్, పావెల్ కోతి కార్టెక్స్‌లోని అన్ని ప్రాంతాల నుంచీ స్ట్రయేటమ్‌కు తంతువులు వస్తాయని చూపారు. దృష్టి ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. కానీ వారు దీనికి ఇచ్చిన వివరణ గరాటు వంటిది. కార్టెక్స్ అంతటినుంచీ వచ్చిన సమాచారం స్ట్రయేటమ్‌లో కలగలిసి, చివరికి సన్నని ధారగా కదలికల కార్టెక్స్‌కు చేరుతుందన్నారు. కొత్త ఆధారాన్ని పాత అధ్యాయంలోనే ఇమిడ్చిన వివరణ ఇది.

గరాటుకు మరో మూతి ఉందని 1970లలో తేలింది. సబ్‌స్టాన్షియా నైగ్రా రెటిక్యులాటా నుంచి సుపీరియర్ కొలిక్యులస్‌కు నేరుగా తంతువులు పోతున్నాయని పిల్లుల్లో, కోతుల్లో పలువురు చూపారు. కోతులపై జయరామన్, బాటన్, కార్పెంటర్ 1977లోను, పిల్లులపై ఆన్ గ్రేబియల్ 1978లోను ప్రకటించిన వ్యాసాలు వీటిలో ముఖ్యమైనవి. సుపీరియర్ కొలిక్యులస్ అంటే నడిమెదడు పైభాగంలోని చిన్న గుట్ట. రెటీనా నుంచి నేరుగా సమాచారం అందుకొని, చూపును ఒకచోటినుంచి మరోచోటికి గెంతించే కేంద్రం అది. చదివేటప్పుడు, ముఖాలను పరికించేటప్పుడు కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఇలా గెంతుతుంది.

తంతువు ఉందని తెలిసింది. అది ఏం చెబుతోంది? ఈ ప్రశ్నకు సమాధానం అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల ప్రయోగశాలలో దొరికింది. రాబర్ట్ వుర్ట్జ్ 1960ల చివరినాటికే మెలకువగా ఉన్న కోతి ఒక పని చేస్తుండగా ఒక్కొక్క నాడీకణం స్పందనను నమోదుచేసే పద్ధతిని దృష్టి పరిశోధనలోకి తెచ్చారు. అంతకుముందు దృష్టి ప్రయోగాలు ఎక్కువగా మత్తులో ఉన్న జంతువులపై జరిగేవి. మత్తులో ఉన్న జంతువుకు దృష్టి ఉండవచ్చు, చూపు ఉండదు. జపాన్ నుంచి వచ్చిన ఒకిహిదే హికొసాకా వుర్ట్జ్‌తో కలిసి సబ్‌స్టాన్షియా నైగ్రా రెటిక్యులాటాలో ఎలక్ట్రోడు దింపి, 1983లో నాలుగు వ్యాసాల వరుసను ప్రచురించారు.

వారు కనుగొన్నది అప్పటి ఊహలకు విరుద్ధమైనది. అక్కడి కణాలు కోతి ఏమీ చేయనప్పుడే సెకనుకు 50 నుంచి 100 సార్లు ఎడతెగకుండా స్పందిస్తున్నాయి. తెరమీద ఒక వెలుగుచుక్క కనిపించినప్పుడు, కోతి దానివైపు చూపు మరల్చబోతున్నప్పుడు, అవి మౌనం వహిస్తున్నాయి. మౌనం ముగియగానే మళ్లీ యథావిధిగా స్పందిస్తున్నాయి. ఆ కణాలు సుపీరియర్ కొలిక్యులస్‌కు పంపేది నిరోధక సంకేతం. కాబట్టి వాటి నిరంతర స్పందన అర్థం 'ఆగు'. వాటి మౌనం అర్థం 'వెళ్లు'. కాడేట్ కణాలు రెటిక్యులాటాను నిరోధించినప్పుడు ఆ మౌనం కలుగుతుంది. ఒక నిరోధాన్ని మరో నిరోధం తొలగించడం వల్ల చూపు విడుదలవుతోంది. ఫ్రాన్స్‌లో షెవాలియే, డెనియో ఎలుకలపై చేసిన ప్రయోగాలు దాదాపు అదే సమయంలో ఇదే సూత్రాన్ని చేరుకున్నాయి.

మరో పరీక్ష ఇంకా లోతైనది. కోతి తెర మధ్యలోని చుక్కను చూస్తుండగా పక్కన ఒక వెలుగు మెరిసి మాయమవుతుంది. కోతి కదలకుండా వేచి ఉండాలి. మధ్యచుక్క ఆరిన తరవాత ఇప్పుడు లేని ఆ వెలుగు స్థానానికి, కేవలం జ్ఞాపకంతో, చూపు మరల్చాలి. కొన్ని కణాలు కళ్లెదుట ఉన్న వెలుగువైపు చూపు తిరిగినప్పుడు మౌనం వహించలేదు. జ్ఞాపకంలోని స్థానానికి తిరిగినప్పుడే మౌనం వహించాయి. బేసల్ గాంగ్లియా కేవలం కండరాలను నడిపే యంత్రమే అయితే ఈ తేడా ఉండకూడదు. రెండు సందర్భాల్లోనూ కంటి కదలిక ఒకటే కదా.

1985లో హికొసాకా, వుర్ట్జ్ రెటిక్యులాటాను మందుతో నిద్రపుచ్చి చూశారు. కాపలా తొలగిన కోతి వద్దన్నచోటికీ చూపు తిప్పుతూ ఆపుకోలేకపోయింది. ఇదే దశకంలో హంటింగ్టన్ రోగులపై జరిగిన పరిశీలనలు దీనికి మానవసాక్ష్యంగా నిలిచాయి. వారి కాడేట్ క్షీణిస్తుంది. పక్కన ఏదైనా మెరిస్తే అటు చూడవద్దని ఎంత చెప్పినా చూపు అటే పోతుంది. పార్కిన్సన్ రోగుల్లో దీనికి భిన్నంగా, జ్ఞాపకంలోని స్థానానికి చేసే చూపుగెంతు లక్ష్యం చేరకుండా ఆగిపోతుంది.

ఈ ఆవిష్కరణ 1983 వరకు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఎలక్ట్రోడు ఒక్కటే జవాబు కాదు. ఫెరియర్ కాలం నుంచి ప్రయోగపద్ధతి ఒక్కటే: ప్రేరేపించు, ఏది కదులుతుందో చూడు. ఆపి ఉంచడమే పనిగా గల కేంద్రం అలాంటి ప్రయోగానికి జవాబు చెప్పదు. దాన్ని ప్రేరేపిస్తే ఏమీ జరగదు. ఏమీ జరగని చోట పని లేదని పరిశోధకుడు తేల్చుకుంటాడు.

5. తిరుగు దారి

1986లో గారెట్ అలెగ్జాండర్, మహ్లాన్ డిలాంగ్, పీటర్ స్ట్రిక్ గరాటు భావనకు బదులుగా ఐదు సమాంతర వలయాలను ప్రతిపాదించారు. ఒక్కో వలయం కార్టెక్స్‌లో మొదలై, బేసల్ గాంగ్లియా, థాలమస్‌ల మీదుగా మళ్లీ కార్టెక్స్‌కే చేరుతుంది. ఐదింటిలో ఒకటి కంటి కదలికలది. అయితే ఐదు వలయాలూ తిరిగి చేరేది మెదడు ముందుభాగానికే. ఆకారాలను, ముఖాలను గుర్తించే దిగువ టెంపొరల్ కార్టెక్స్ నుంచి కాడేట్ తోకకు తంతువులు వస్తున్నట్టు 1990లో సెయింట్-సైర్, ఉంగర్‌లైడర్, డెసిమోన్ వివరంగా చూపారు. బేసల్ గాంగ్లియా నుంచి దృష్టి కార్టెక్స్‌కు తిరుగు సమాచారం ఉందా అన్నది మిగిలిపోయింది.

1996లో ఫ్రాంక్ మిడిల్టన్, స్ట్రిక్ దీనికి ఒక వైరస్‌ను సాధనంగా వాడారు. ఒక రకం హెర్పిస్ వైరస్ నాడీకణం నుంచి దానికి సమాచారం పంపే కణంలోకి వెనుదిరిగి పాకుతుంది. కోతుల దిగువ టెంపొరల్ కార్టెక్స్‌లో దాన్ని ఎక్కిస్తే, థాలమస్ మీదుగా పాకి సబ్‌స్టాన్షియా నైగ్రా రెటిక్యులాటాలో తేలింది. చూపును ఎటు తిప్పాలో చెప్పే కేంద్రానికి, చూసినది ఏమిటో గుర్తించే కేంద్రంలోనూ ప్రమేయం ఉందని తేలింది.

ఈ ఫలితానికి వార్డుల్లో ఒక బరువైన అర్థం ఉంది. పార్కిన్సన్ రోగుల్లో చాలామంది లేని మనుషులను, జంతువులను చూస్తారు. 2000లో ఫెనెలాన్ బృందం 216 మంది రోగులను పరిశీలించగా, అంతకుముందు మూడునెలల్లో సుమారు 40 శాతం మందికి ఏదో ఒక రకమైన భ్రమ కలిగినట్టు తేలింది. దీన్ని చాలాకాలం లెవోడోపా దుష్ఫలితంగానే లెక్కించారు. లెవోడోపా రాకముందే ఇలాంటి రోగుల వర్ణనలు వైద్యసాహిత్యంలో ఉన్నాయని ఫెనెలాన్, మరి ఇద్దరు 2006లో చూపారు. వ్యాధిలో ఇంద్రియాలు చెక్కుచెదరవని నిర్వచించుకున్న శాస్త్రం, చెదిరిన ఇంద్రియాన్ని చూసినప్పుడు మందునో మనసునో తప్పుపట్టింది. లేని మనిషిని చూశానని చెప్పుకోవడానికి రోగి సంకోచించడానికి, ఇంట్లోవారు దాన్ని పిచ్చి అనుకోవడానికి ఆ నిర్వచనం కొంత బాధ్యత వహించాలి. మందుల పాత్ర అసలు లేదని దీని అర్థం కాదు. మిడిల్టన్, స్ట్రిక్ కనుగొన్న దారి భ్రమలకు ఒక సంభావ్య కారణం మాత్రమే.

కాడేట్ తోక కథ వేరొక దిక్కుకు సాగింది. 1996లో బార్బరా నోల్టన్, మాంగెల్స్, లారీ స్క్వయర్ ఒక ఆట రూపొందించారు. బొమ్మలున్న కార్డులను చూసి వానో ఎండో చెప్పాలి. జవాబు పూర్తిగా నిశ్చితం కాదు. పదేపదే చూడగా లోలోపల అలవాటవుతుంది. పార్కిన్సన్ రోగులు ఆట జరిగిన తీరును గుర్తుంచుకున్నారు గానీ అలవాటును పొందలేకపోయారు. జ్ఞాపకశక్తి కోల్పోయిన రోగులు ఆట ఆడిన సంగతే సరిగా గుర్తులేకపోయినా అలవాటును పొందగలిగారు. 2013లో కిమ్, హికొసాకా కోతుల్లో ఈ పనిని మరింత విడదీశారు. వస్తువుల విలువ క్షణక్షణానికి మారుతున్నప్పుడు చూపును నడిపేది కాడేట్ తల. దీర్ఘకాల అనుభవంతో విలువ స్థిరపడినప్పుడు నడిపేది తోక. రద్దీ సంతలో పరిచితమైన వస్తువు మీదికి చూపు తనంతట తాను పోవడం వెనక ఈ తోక పాత్ర ఉందనుకోవచ్చు.

ఇంతవరకు చెప్పిన దారుల్లో దృష్టి సమాచారం కార్టెక్స్ మీదుగానే బేసల్ గాంగ్లియాకు చేరుతోంది. 2003లో ఎలియానే కొమోలీ, పీటర్ రెడ్‌గ్రేవ్ తదితరులు సుపీరియర్ కొలిక్యులస్ నుంచి సబ్‌స్టాన్షియా నైగ్రాలోని డోపమైన్ కణాలకు నేరుగా పోయే దారిని ఎలుకల్లో వర్ణించారు. 2005లో ఇదే బృందం మత్తులో ఉన్న ఎలుకలపై వెలుగు మెరుపులతో ప్రయోగించింది. కొలిక్యులస్‌ను మందుతో నిరోధం నుంచి విడిపించినప్పుడే డోపమైన్ కణాలు ఆ మెరుపులకు స్పందించాయి. దృష్టి కార్టెక్స్‌ను అలాగే విడిపించినప్పుడు స్పందించలేదు. వస్తువు ఏమిటో కార్టెక్స్ గుర్తించేలోపే, ఏదో జరిగిందన్న వార్త డోపమైన్ కణాలకు చేరిపోతోందని రెడ్‌గ్రేవ్ వాదించారు. డోపమైన్ స్పందన బహుమతిని అంచనా వేస్తుందన్న వోల్ఫ్రామ్ షుల్జ్ సిద్ధాంతంతో ఆ వాదానికి ఘర్షణ ఏర్పడింది. అది నేటికీ పూర్తిగా తీరలేదు.

2017లో జపాన్‌లో తకకువా, తడాషి ఇసా తదితరులు ఒకవైపు ప్రాథమిక దృష్టి కార్టెక్స్‌ను తొలగించిన కోతులను పరీక్షించారు. పాత పాఠ్యపుస్తకం ప్రకారం ఆ కోతులు దృశ్యక్షేత్రంలో సగభాగానికి అంధులు. ఆ అంధభాగంలో చూపిన గుర్తులు ఎంత పండ్లరసం రాబోతోందో సూచించినప్పుడు, వాటి డోపమైన్ కణాలు ఆ పరిమాణానికి తగినట్టే స్పందించాయి. సుపీరియర్ కొలిక్యులస్‌ను మందుతో నిశ్శబ్దం చేసినప్పుడు ఆ స్పందన ఆగిపోయింది.